ముప్పై అడుగులు

మూడేళ్ల కిందటి మాట. ఆ ఏడాది వానలు వేళకు పడ్డాయి. పెనుకొండకు పడమటి పక్క గుట్టల్లో ఉండే మా ఊరికి అంతకన్నా పెద్ద కబురు ఉండదు. వేరుశనగ గుబురుగా లేచి, ఊడలు దిగి, కాయ గట్టిపడుతుండగా జింకలు వచ్చాయి.

పదీ పన్నెండూ కాదు, నలభై పైనే. పొద్దు వాలగానే గుట్ట దిగేవి. తెల్లారి చూస్తే చేనులో ఒక మూల మంగలి గొరిగినట్టు ఉండేది. ఆ చేను మాది కాదు, ఆంజనప్పది. మేం కోరుకు, అంటే పంటలో ఆయన వాటా ఆయనకిచ్చే ఒప్పందం మీద, చేసేవాళ్లం. ఆంజనప్పకు ఊళ్లో మామిడితోట, హిందూపురంలో మిద్దె, రెండు చోట్లా చెల్లే మాట ఉన్నాయి. నా మొగుడు రామాంజి ధర్మవరంలో మగ్గం పని మానుకుని ఈ చేను కోసమే ఊరికి వచ్చాడు. ఈ పంట చేతికొస్తే మళ్లీ మగ్గం గుంతలో కాలు పెట్టనని నాతో రోజూ అనేవాడు.

"నా చేతిలో తుపాకీ ఉంటే ఒక్కదాన్ని వదలను" అన్నాను ఒక పొద్దున, గొరిగిన సాళ్ల మధ్య నిలబడి.

మా తాత ఓబుళప్ప గట్టు మీద కూర్చుని ఉన్నాడు. అమ్మానాయనలు లేని నన్ను పెంచింది ఆయనే. అందుకే పెళ్లయినా నేను ఆ ఇల్లు వదల్లేదు, రామాంజే మా ఇంటికి వచ్చాడు. మాది వేటగాళ్ల ఇల్లు. తాత కుర్రతనంలో చుట్టుపక్కల ఏ ఊరివాళ్లైనా వేటకు పోవాలంటే ముందు మా గడపకు వచ్చేవారట. ఆయన తన నాటు తుపాకీని ఎన్నో ఏళ్ల కిందట స్టేషన్‌లో అప్పగించి, మళ్లీ తెచ్చుకోలేదు. ఎందుకని అడిగితే చెప్పడు.

"తుపాకీ ఎందుకు పాపా? దాని దావ తెలిస్తే చాలదా?" అన్నాడు.

మర్నాడు కోడి కూయగానే నన్ను లేపాడు. "తలకి నూనె పెట్టొద్దు, పూలు పెట్టొద్దు. గాజులు తీసి ఈడ పెట్టు" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, తీసి పెట్టాను.

చేను దాటాక పిడికెడు దుమ్ము తీసి వేళ్ల సందుల్లోంచి జార్చాడు. దుమ్ము మా వైపే ఎగిరింది.

"గాలి మన మొగానికి తగలల్ల. వీపుకి తగిలిందా, ఇంటికి పోయి పడుకో. ఆ పొద్దుకి నీకు ఏమీ కనపడదు."

అక్కడి నుంచి మాట్లాడకుండా నడిపించాడు. ఆయనకు ఎనభై దాటాయి, మోకాళ్లు పట్టేస్తాయి. అయినా చేతిలో కట్టె చప్పుడు కూడా వినపడనివ్వలేదు. తడి నేల చూపించి కూర్చున్నాడు.

"ఇది ఇర్రి. మొగది. అడుగు ఎంత లోతుగా పడిండాదో చూడు. ఇది లేడి. ఇది నడిచింది, ఇది పరిగెత్తింది. పరిగెత్తితే గిట్టె రెండుగా విచ్చుకుంటాది, వెనక మన్ను చిమ్ముతాది."

ఇంకొంచెం దూరంలో పెంటికల కుప్ప. "ఇర్రి దినామూ ఒకే తావున పెంటికలేస్తాది. అది దాని గడప. గడప యాడ ఉండాదో తెలిస్తే ఇంట్లోవాళ్లు ఎప్పుడు వస్తారో, ఎప్పుడు పోతారో తెలీదా?"

అట్లా వారం పది రోజులు తిప్పాడు. నేల మీద కూర్చుని చూడటం వచ్చేసరికి నా కళ్లే మారిపోయాయి. అంతకు ముందు ఉత్త బీడుగా కనిపించిన జాగాలో దావలు, మలుపులు, నిలబడి చెవులు రిక్కించిన చోట్లు కనిపించసాగాయి. ఒకరోజు నెత్తురు గురించి కూడా చెప్పాడు. ఊపిరికి దెబ్బ తగిలితే నెత్తురు లేత ఎరుపుగా, నురగతో పడుతుందట. ఆ జంతువు దగ్గర్లోనే కూలుతుందట. పొట్టకు తగిలితే నెత్తురు తక్కువ, పచ్చటి పసరు కారుతుందట.

"అది చానా దూరం పోతాది పాపా. నొప్పితో పోతాది."

"నాకు అదెందుకు తాతా? నేనేమన్నా కాల్చబోతానా?"

"తెలిసుండల్ల" అన్నాడు.

జింకలు చేనులోకి దిగే దావ పట్టుకుని, సరిగ్గా ఆ చోట్లలో పాత చీరలు కట్టాను. ఊరంతా కట్టేవారు గానీ చేను చుట్టూ తోచినట్టు కట్టేవారు. నేను బీడు వైపు ఒక దావ వదిలేశాను. మంద వచ్చింది, చీరల ముందు నిలబడింది, బీడు వైపు తిరిగి వెళ్లిపోయింది. గట్టు చాటున బోర్లా పడుకుని ఆఖరిది పోయేదాకా చూశాను. నేను చేసింది వేటే. చంపలేదు, అంతే.

ఆంజనప్ప అల్లుడి వరస కుర్రాడు తేజస్ బెంగళూరు నుంచి వచ్చింది ఆ వారంలోనే. ముప్పై ఏళ్లుంటాయేమో. కాళ్లకు మిలటరీ వాళ్లు వేసుకునేలాంటి కొత్త బూట్లు. మధ్యాహ్నం ఆంజనప్ప అతన్ని మా ఇంటికి తీసుకొచ్చాడు. తాత వేప చెట్టు కింద పలుపు పేనుతున్నాడు.

"తాతా, నాకిది ఫస్ట్ టైం. జింక వేటకి పోవాలంటే ఏమేం తెలుసుకోవాలో చెప్పండి" అంటూ ఫోను ఎదురుగా పెట్టి రికార్డు నొక్కాడు.

"చట్టం ఒప్పదు గదప్పా. జైల్లో ఏస్తారు" అన్నాడు తాత.

"ఊరికే తెలుసుకుంటాడులే ఓబుళప్పా. పిల్లోడు ముచ్చట పడతాండాడు" అన్నాడు ఆంజనప్ప.

తాత పలుపు పక్కన పెట్టాడు. నేను గడపలో నిలబడి కళ్లతోనే వద్దన్నాను. ఆయన నా వైపు చూడలేదు. గాలి గురించి చెప్పాడు, అడుగుల గురించి చెప్పాడు. పరిగెత్తేదాన్ని కాల్చకూడదు, లేడిని కాల్చకూడదు, వెనక ఏముందో కనపడకుండా కాల్చకూడదు. చెప్తున్నకొద్దీ ఆయన నడుము నిటారైంది. చివరికి కట్టె నేలకు ఆనించి, "అన్నిటికన్నా ముఖ్యం ఇది విను. దెబ్బ తగిలి తప్పించుకుపోతే నువ్వు దాని వెంట పోవల్ల. రెండు దినాలైనా పోవల్ల. నొప్పి పెట్టినోడే ఆ నొప్పి తీర్చల్ల. వదిలేసినోడు వేటగాడు కాదు" అన్నాడు.

"సూపర్ తాతా!" అన్నాడు తేజస్. "మాతో వస్తారా మరి? దుడ్లు ఇస్తాం."

"రాను. నువ్వు కూడా పోవద్దు."

వాళ్లు వెళ్లాక నేను అరిచాను. ఎందుకు చెప్పావని, నీకేమైనా మతి ఉందా అని. తాత పలుపు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఇన్నేండ్లకి ఒకడు అడిగినాడు మే" అన్నాడు.

నేను చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన పక్కన పెట్టాను.

నాలుగు రోజుల తర్వాత, పొయ్యి ముట్టించే వేళకు గుట్ట వైపు రెండు సార్లు తుపాకీ పేలింది. ఊరంతా విన్నది. ఎవరో ఫారెస్టు వాళ్లకు ఫోను చేశారు. ఎవరన్నది ఈ పొద్దుకూ తెలియదు.

తెల్లారి చేనుకు వెళ్తే కట్టిన చీర ఒకచోట తెగి ఉంది. లోపల, సాళ్ల మధ్య, లేడి పడి ఉంది. పొట్ట దగ్గర ఒకటే చిల్లు. చుట్టూ చెట్లు పెళ్లగించి ఉన్నాయి, చాలాసేపు కాళ్లు కొట్టుకున్నట్టుంది. నేను పరిగెత్తి తాతనూ రామాంజినీ పిలుచుకొచ్చాను. తాత దాని పక్కనే నేల మీద కూలబడ్డాడు. చేయి దాని మెడ మీద పెట్టి తీయలేదు.

మేం ఎవరికీ చెప్పకముందే ఆంజనప్ప వచ్చాడు.

"ఫారెస్టోళ్లు దావలో ఉండారు" అన్నాడు, కూర్చోకుండానే. "వాళ్లకి ఎవురో ఒకరు కావల్ల గదా. ఓబుళప్పా, నీకు ఎనభై ఏండ్లు. పంట తింటాంటే తట్టుకోలేక కాల్చినానని చెప్పు. ముసలోడని వదిలేస్తారు, మిగతాది నేను చూసుకుంటా."

"మా తాత కాల్చలేదు" అన్నాను.

"మ్మే హేమావతీ, నువ్వు ఊరికే ఉండు. పదైదు దినాల్లో శెనక్కాయ పీకల్ల. పీకాలని ఉండాదా, లేదా?"

రామాంజి తల దించుకున్నాడు. అతని కళ్ల ముందు ఏం తిరుగుతున్నదో నాకు తెలుసు. తాత ఆంజనప్ప వైపు చూడలేదు, చేను వైపు చూశాడు.

"నా పేరు రాయించు పో" అన్నాడు నెమ్మదిగా.

జీపు వచ్చి ఆగింది. దిగింది ఆడమనిషి, ఫారెస్టు సెక్షన్ ఆఫీసరు మెహరున్నీసా. వెంట ఇద్దరు గార్డులు. ఆమె లేడిని చూసింది, ఫొటోలు తీయించింది. ఆంజనప్ప తన ఫోను తీసి, తేజస్ పంపిన వీడియో చూపించాడు. అందులో మా తాత వేప చెట్టు కింద కూర్చుని, జింకను ఎట్లా వేటాడాలో చెప్తున్నాడు.

"వాళ్ల ఇంట్లో పుట్టుకతోనే ఉండాది మేడం ఈ బుద్ధి" అన్నాడు ఆంజనప్ప.

ఆమె తాత ముందు గొంతుక్కూర్చుంది. "ఈ మాటలు మీరు చెప్పినవేనా పెద్దాయనా?"

"నేనే."

"కాల్చింది?"

తాత నోరు తెరిచేలోపు నేను అడ్డం వచ్చాను. "మేడం, ఆ వీడియో మొదట్నుంచీ పెట్టమనండి. మొదట అడిగిన గొంతు ఎవురిదో వినండి."

"ఉండేది అంతే" అన్నాడు ఆంజనప్ప, ఫోను జేబులో వేసుకుంటూ.

"సరే, అది వద్దులే. మా తాతది నాటు తుపాకీ. అది యాడుందో స్టేషన్‌లో అడగండి. దాంట్లో రవ్వలు పోసి కాలుస్తారు, ఒళ్లంతా చిల్లులు పడతాయి. దీనికి ఒకటే చిల్లు ఉండాది. ఇది ఈ చేన్లో కాల్చింది కాదు. యాడ కాల్చినారో చూపిస్తా, నాతో రండి."

"నీకెట్లా తెలుస్తుంది?" అంది ఆమె. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగింది.

"నేల చెప్తాది మేడం."

రామాంజి నా చేయి పట్టుకున్నాడు. "హేమా, వద్దు. చేను పోతాది." చేయి విడిపించుకుని చెప్పులు గట్టు మీద వదిలేశాను.

తెగిన చీర దగ్గర మొదలుపెట్టాను. గాలి చూసుకునే పని లేదు, పారిపోయేది ఏదీ మిగల్లేదు. వెనక కుడి కాలు ఈడ్చిన గీత సన్నగా, వంకర లేకుండా గుట్ట వైపు పోయింది. ముందురోజు కురిసిన తుంపరకు నేల మెత్తగా ఉంది. కానుగ చెట్ల దగ్గర అది నిలబడింది. ఆకుల మీద పచ్చటి పసరు మరక. ఆఫీసరమ్మకు చూపించాను. "పొట్టకి తగిలింది. ఈడ నిలబడి ఊపిరి తీసుకుంది."

వంక ఇసుకలో జాడ పోయింది. గార్డులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనకాల ఆంజనప్ప నవ్వు వినిపించింది. ఆయన కూడా మా వెంట వస్తున్నాడని అప్పుడే తెలిసింది. తాత మాట తలుచుకున్నాను. జాడ పోతే నువ్వు పరిగెత్తొద్దు, అది యాడికి పోతుందో ఆలోచించు. దెబ్బతిన్నది ఎత్తు ఎక్కదు, దిగుతుంది. మేం వెనక్కి వెతుకుతున్నాం కాబట్టి ఎగువకు చూడాలి. వంక వెంట ఎగువకు నడిచాను. యాభై గజాల పైన, ఒడ్డు విరిగి మన్ను జారిన చోట, ఆ ఈడ్చిన కాలు మళ్లీ కనిపించింది.

అక్కడి నుంచి మామిడితోట కంచె వరకు ఎక్కడా ఆగలేదు. కంచె బయటి బీడులో మంద చెల్లాచెదురైన గుర్తులు, గిట్టెలన్నీ రెండుగా విచ్చుకుని. వాటికి ఎదురుగా లావు టైర్ల అచ్చులు. టైర్ల పక్కన గడ్డిలో ఇత్తడి తూటా తొడుగు మెరుస్తూ ఉంది. నేను ముట్టుకోలేదు. వేలు పెట్టి చూపించాను.

తొడుగు పక్కనుంచి బూటు అడుగులు మొదలయ్యాయి. అడుగున నక్షత్రాల్లాంటి గుర్తులున్న బూట్లు. అవి లేడి పోయిన వైపే నడిచాయి. గడ్డి మీద పడ్డ మొదటి పసరు మరక దాకా వచ్చాయి, అక్కడ నిలబడ్డాయి, తిరిగి టైర్ల దగ్గరికి వెళ్లిపోయాయి. వాటి పక్కనే నడుస్తూ లెక్కపెట్టాను. టైర్ల అచ్చులు తోట గేటు లోపలికి పోయాయి. గేటుకు తాళం వేసి ఉంది.

"తాళం చెవి ఎవరి దగ్గరుంది?" అంది ఆఫీసరమ్మ, ఎవరినీ చూడకుండా.

ఆంజనప్ప నా దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు. "గుర్తులు వానొస్తే పోతాయి మే. సాక్షి ఎవురు చెప్తారు?"

"నేను చెప్తా" అన్నాను. నేను గొంతు తగ్గించలేదు.

మేం తిరిగి వచ్చేసరికి తాత అట్లాగే కూర్చుని ఉన్నాడు. ఎవరు, ఎక్కడ అని అడగలేదు. ఒకటే మాట అడిగాడు.

"ఎంత దూరం వెంట పోయినాడు పాపా?"

"ముప్పై అడుగులు."

తాత చేయి లేడి మెడ మీది నుంచి లేచింది. కట్టె పట్టుకుని, రామాంజి భుజం ఆసరాతో నిలబడ్డాడు. "మేడం, ఇందాక ఆంజనప్పతో నా పేరు రాయించమన్యా. రాసుకోండి, సాక్షి అని రాసుకోండి. వాడు నన్ను అడిగినాడు. ఏది చేయకూడదో అంతా చెప్పినా. అన్నీ చేసినాడు."

మధ్యాహ్నానికి తోటలో బండి దొరికింది, బూట్లు దొరికాయి. రాత్రికి రాత్రే తేజస్ పట్టుకుపోయిన తుపాకీ బెంగళూరులో దొరికింది, వారం తర్వాత. పశువుల డాక్టరు లేడి పొట్టలోంచి తీసిన తూటా దానిదేనట. తేజస్ ఇరవై రోజులు లోపలుండి బెయిలు మీద వచ్చాడు.

ఆంజనప్ప ఆ రాత్రే మనిషిని పంపాడు, చేను వదిలేయమని. పంట పీకాక వదులుతాం, కాయ చేతికి రాకుండా కాలు కదపం అని నేను చెప్పి పంపాను. పీకుడుకు కూలోళ్లు ఎవరూ రాలేదు. ఊళ్లో ఎవరినీ తప్పు పట్టను, అందరికీ ఆయన చేలే దిక్కు. మేం ముగ్గురమే మొదలుపెట్టాం. రామాంజి మొదటి రోజంతా వంగి పీకుతూనే ఉన్నాడు. రెండో రోజు మధ్యాహ్నం సంగటి ముద్ద నా చేతిలో పెడుతూ, "మగ్గం గుంతలో చల్లగా ఉంటాదిలే" అన్నాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఇంకో నాలుగు సాళ్లు పీకాను.

మూడో రోజు ఖైరున్‌బీ వచ్చింది. ఊళ్లో గాజులమ్ముకునే మనిషి, ఎవరి చేనూ చేసేది కాదు. "నాకు ఆంజనప్ప భయం ఏముండాది? ఆయన గాజులేసుకుంటాడా?" అంటూ కొంగు బిగించింది. ఆమెతో కలిసి నవ్వుతూ తొమ్మిది రోజుల్లో చేనంతా పీకేశాం. కోరు కాయ ఆయన కళ్లంలో పోసి, మా కాయ బండికెత్తుకుని ఊరు వదిలాం.

ఇప్పుడు ధర్మవరంలో ఉంటున్నాం. రామాంజి మగ్గం నేస్తాడు. అడవి జంతువుల లెక్కలప్పుడు మెహరున్నీసా మేడం నాకు ఫోను చేస్తుంది. గుట్టల వెంట పోయి గుర్తులు చూసి చెప్పి వస్తాను. తాత ఇంటి ముందు కూర్చుని, ఏ గుట్ట, ఎన్ని అడుగులు, ఇర్రా లేడా అని అన్నీ అడిగి తెలుసుకుంటాడు.

కేసు విచారణకు రావడానికి రెండేళ్లు పట్టింది. ఈ మధ్య ఫాల్గుణంలో నా సాక్ష్యం జరిగింది. వాళ్ల వకీలు బాగా చదువుకున్న మనిషి, మెత్తగా మాట్లాడతాడు.

"మీది వేటగాళ్ల కుటుంబం కదమ్మా?"

"అవును సార్."

"జింకను ఎట్లా చంపాలో నీకు తెలుసు కదా?"

కోర్టు హాల్లో ఆంజనప్ప వెనక బెంచీలో కూర్చుని నన్నే చూస్తున్నాడు. తేజస్ చూపు నేల మీద ఉంది. తాత తలుపు దగ్గర కట్టె పట్టుకుని నిలబడ్డాడు.

"తెలుసు సార్. బాగా తెలుసు. తెలుసు కాబట్టే తెలీనోడు చంపినాడని కనుక్కున్యా."

వకీలు ఇక ప్రశ్నలు లేవన్నాడు. గుమాస్తా నా సాక్ష్యం తెలుగులో చదివి వినిపించాడు. చివరి వాక్యం దగ్గర, "జింకను చంపడం తనకు తెలుసునని సాక్షి ఒప్పుకున్నది" అని చదివి, సంతకం పెట్టమని కాగితం నా ముందుకు జరిపాడు.

నేను కలం తీసుకోలేదు.

"ఒప్పుకోలేదు సార్. చెప్పినా. అట్ల మార్చండి."

గుమాస్తా విసుగ్గా జడ్జిగారి వైపు చూశాడు. "రెండూ ఒకటేనమ్మా" అన్నాడు.

"ఒకటి కాదు సార్."

జడ్జిగారు కాగితం తెప్పించుకుని ఆ వాక్యం చదివారు. తర్వాత గుమాస్తాకు తల ఊపారు. అతను ఆ మాట కొట్టేసి, పైన 'చెప్పినది' అని రాశాడు. అది రాసేదాకా నిలబడి చూసి, అప్పుడు కలం తీసుకుని నా పేరు పూర్తిగా రాశాను.